అగత్యము తీరిన విద్య

ఒక విద్యను నేర్చితీరవలెనని చట్టము శాసించినంతకాలము, దానిని నేర్చినవారిలో ఎందరు ప్రీతితో నేర్చిరో, ఎందరు విధిలేక నేర్చిరో తెలిసికొనుట దుర్ఘటము. ఆ శాసనము తొలగిన పిమ్మటనే ఆ సంగతి తేటపడును. చుక్కలును గీతలును మాత్రమే అక్షరములుగా గల మోర్స్ సంకేతవిద్యకు అట్టి పరీక్ష మన కాలముననే సంభవించినది. ఓడలు దానిని విడిచినవి. తంతి కార్యాలయములు టెలిప్రింటరు వచ్చిన పిమ్మట విడనాడి, తుదకు 2013 జూలైలో మన దేశమున తామే మూతపడినవి. ఐనను ఏ వేతనమును ఆశింపక, కేవలము అభిరుచిచే తమ యిండ్లలో రేడియో కేంద్రములను నెలకొల్పుకొనిన ఔత్సాహికులు, అనగా లోకము హాములని పిలుచువారు, రాత్రింబవళ్లు ఆ సంకేతములతోనే దేశదేశములవారితో నేటికిని సంభాషించుచున్నారు. ఈ విద్య ఎందుకు క్షీణించెనో చెప్పుట సులభము. ఎందుకు నిలిచెనో చెప్పుటకే కొంత ఓపిక కావలయును.

మోర్స్ పేరు శాశ్వతముగా నిలిచినను ఆ సంకేతావళి యొక్కరి సృష్టి కాదు. 1844 మే 24వ తేదీన వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ నగరమునకు తంతిమీద వార్త పంపి చూపిన శామ్యూల్ మోర్స్ వృత్తిచే చిత్రకారుడు. యంత్రనిర్మాణమున ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు ఆల్ఫ్రెడ్ వెయిల్. ఏ అక్షరమునకు ఏ గుర్తు నొసగవలెనను విచారణ వచ్చినపుడు, అచ్చుకూటమున ఏ అక్షరపు దిమ్మలను ఎంతెంత నిలువచేయుదురో పరిశీలించి, భాషలో మిక్కిలిగా దొరలు అక్షరములకు మిక్కిలి పొట్టి గుర్తులను కేటాయించిరని చెప్పుదురు. అందుచేతనే ఆంగ్లములోని ఇ అక్షరమునకు ఒక్క చుక్కయు, టీ అక్షరమునకు ఒక్క గీతయు లభించినవి. అరుదుగా వచ్చు క్యూ అక్షరమునకు నాలుగు గుర్తులు పట్టినవి. క్లాడ్ షానన్ 1948లో సమాచారసిద్ధాంతమును గణితముచే ప్రతిపాదించుటకు నూఱేండ్లకు ముందే, తఱచుగా వచ్చుదానికి తక్కువ కాలము వెచ్చింపవలెనను సూక్ష్మమును వీరు చేతిపనిలోనే గ్రహించిరనుట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపు విషయము. పిమ్మట జర్మనీలో ఫ్రీడ్రిక్ గెర్కే 1848లో ఆ గుర్తులను సంస్కరించెను. 1865లో పారిస్ నగరమున సమావేశమైన దేశములు ఆ సంస్కరింపబడిన రూపమునే స్వల్పభేదములతో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరించినవి. నేడు హాములు వాడునది ఇదియే. అది చచ్చిన భాష కాదనుటకు ఒక చిన్న నిదర్శనము కలదు: ఈమెయిలు చిరునామాలలో వచ్చు ‘ఎట్’ గుర్తునకు 2004లో దానియందు క్రొత్తగా ఒక సంకేతము చేర్పబడినది.

ఇక దాని నడక. చుక్క యెంతసేపు మ్రోగునో గీత అంతకు మూడురెట్లు మ్రోగవలెను. ఒకే అక్షరములోని గుర్తుల నడుమ ఒక చుక్కపాటి నిశ్శబ్దము, అక్షరముల నడుమ మూడు చుక్కలపాటి నిశ్శబ్దము, పదముల నడుమ ఏడు చుక్కలపాటి నిశ్శబ్దము ఉండవలెను. వేగమును కొలుచుటకు పారిస్ అను పదమును ప్రమాణముగా గ్రహింతురు. దాని వెనుకటి విరామమును కూడ కలిపినచో అది సరిగా 50 చుక్కల కాలము. నిమిషమునకు 20 పదముల చొప్పున పంపువాని చుక్క, సెకనును వేయి భాగములు చేసిన అందులో 60 భాగములు మాత్రమే. ఇట్టి వేగమున చుక్కలను లెక్కించి, గీతలను లెక్కించి, మనస్సులో పట్టిక తిరగవేసి అక్షరమును నిర్ణయించుట మానవసాధ్యము కాదు. అందుచేత అభ్యాసకులు చుక్క, గీత యనుట మాని డి, డా యని ధ్వనులుగా పలుకుదురు. అక్షరమంతయు ఒక చిన్న స్వరసంచారముగా చెవికి తోచిననాడే విద్య పట్టుబడినట్లు. మోర్స్ కంటితో చదువుటకు పుట్టి, చెవితో వినుటకు స్థిరపడిన లిపి. ఇతర సాధనము లన్నియు వచ్చిన తరువాత కూడ అది నిలుచుటకు మూలకారణము ఇందే యున్నదని నా విశ్వాసము.

తీగ లేని తంతి పుట్టినపుడు ఈ లిపికి పునర్జన్మము కలిగినది. నాటి ట్రాన్స్‌మిటర్లు విద్యుత్తు నిప్పురవ్వలచే పనిచేయునవి. వానికి మాట మోయు శక్తి లేదు. పలుకుట, ఆగుట అను రెండు పనులే వానికి చేతనైనవి. రెండు పనులతో సమస్తమును చెప్పగల లిపి సిద్ధముగా నుండెను. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ సముద్రమునకు ఆవలనుండి న్యూఫౌండ్‌లాండులో వినినట్లు ప్రకటించినది మూడు చుక్కలు, అనగా ఎస్ అను అక్షరము. ఔత్సాహికులు వెంటనే ఈ విద్యపై బడిరి. వారి సంకేతములు నావికాదళ కేంద్రములకు అడ్డువచ్చుచున్నవని 1912లో అమెరికా ప్రభుత్వము ఒక శాసనము చేసి, 200 మీటరులకు మించని పొట్టి తరంగములలోనికి వారిని త్రోసివేసినది. ఆ తరంగములు దూరము పోజాలవనియు, కావున నిష్ప్రయోజకములనియు నాటి నిపుణుల నిశ్చయము. త్రోసివేయబడినవారు ఆ బీడునే దున్నిరి. 1923 నవంబరులో ఫ్రాన్సు దేశపు నీస్ నగరమునుండి లియోన్ దెలోయ్, అమెరికాలోని కనెక్టికట్‌నుండి ఫ్రెడ్ ష్నెల్ అను ఇద్దఱు ఔత్సాహికులు సుమారు 100 మీటరుల తరంగముపై సముద్రము కీవల నావల కూర్చుండి మోర్స్‌లో పరస్పరము ముచ్చటించిరి. భూమికి చాల ఎత్తున నున్న విద్యుదావేశవాయుస్తరములు పొట్టి తరంగములను వంచి మరల భూమికి పంపునని అనుభవముచే చూపినవారిలో వీరు అగ్రగణ్యులు. పనికిరావని పారవేసిన తరంగములే పిమ్మట ప్రపంచ ప్రసారములకు రాచబాట లైనవి. మన దేశమున 1921 నాటికే కలకత్తాలో ఔత్సాహికులు లైసెన్సు పొందిరి. 1924లో మదరాసున రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారములు సాగించినది.

ఈ చరిత్రలో ఒక ఘట్టముకడ కొంతసేపు నిలువక తప్పదు. 1928 మే 25న, ఉత్తరధ్రువమును దర్శించి మరలివచ్చుచున్న ‘ఇటాలియా’ అను వాయునౌక మంచుసముద్రముపై కూలెను. సేనాని నోబిలే మొదలుగా కొందఱు తేలియాడు మంచుపలకపై పడి బ్రదికిరి. వారితోబాటు పడిన వస్తువులలో ఒక చిన్న పొట్టితరంగ ట్రాన్స్‌మిటరు దొరకినది. రేడియో నిర్వాహకుడైన జుసెప్పె బియాజి దొరకిన లోహపు కడ్డీలతో యాంటెన్నా నిలిపి, ప్రతిదినము నియతవేళల యందు రక్షణము కోరుచు మోర్స్ సంకేతములు పంపనారంభించెను. సమీపమున నున్న వారి సహాయనౌక ఆ పిలుపును గుర్తింపలేకపోయినది. పొట్టి తరంగముల స్వభావమే యట్టిది. అవి ఆకాశమున కెగసి దూరదేశమున దిగునుగాని, నడుమనున్న కొంత ప్రదేశము వానికి మౌనమండలము. దినములు గడచినవి. జూన్ 3వ తేదీన ఉత్తర రష్యాలోని వోజ్నెసెన్యె-వోఖ్మా అను పల్లెలో నికొలాయ్ ష్మిత్ అను యువకుడు తాను స్వయముగా నిర్మించుకొనిన రిసీవరుచెంత కూర్చుండి వినుచుండగా తునియలుగా కొన్ని అక్షరములు చెవిని బడెను. పదములు పూర్తిగా లేవు. కాని వినినది ‘ఇటాలియా’ పిలుపేయని గ్రహించి అతడు వెంటనే అధికారులకు తెలియజేసెను. అక్కడినుండి వార్త దేశముల చుట్టివచ్చి, వెదకుచున్నవారికి వెదకవలసిన చోటు తెలిసినది. జూలై 12న సోవియట్ మంచుకోతనౌక క్రాసిన్ చేరి, మంచుపై మిగిలియున్న వారిని రక్షించినది. క్షీణధ్వనితో, సడలిన అక్షరములతో వచ్చు సంకేతమును ఒక శిక్షితమైన చెవి పట్టుకొని అర్థము పూరించుకొనగలదనుటకు ఇంతకుమించిన సాక్ష్యము నేనెఱుగను.

ఇట్టి విద్య కనుకనే ప్రభుత్వములు దానిని హాములకు విధిగా పెట్టినవి. ఆపదలో నున్న ఓడ పిలిచినపుడు అడ్డుతగులక తొలగుటకును, అధికారులు మోర్స్‌లో పంపు ఆజ్ఞ గ్రహించుటకును ప్రతి హాము ఆ లిపి నెఱిగియుండవలెనని అంతర్జాతీయ నిబంధన యుండెను. దూరము పోవు పొట్టి తరంగములపై, అనగా 30 మెగాహెర్ట్‌జులకు దిగువ, దానిని నేర్వనివారికి ప్రవేశము లేకుండెను. మన దేశమున మొదటి గ్రేడు లైసెన్సునకు నిమిషమునకు 12 పదములు, రెండవ గ్రేడునకు 5 పదములు వినివ్రాయుటయు పంపుటయు అప్పుడు చేతగావలసియుండెను. అమెరికాలో ఉన్నతశ్రేణికి 20 పదములు. సర్క్యూటులు, యాంటెన్నాలు, తరంగసిద్ధాంతము చక్కగా నెఱిగిన ఇంజనీర్లు సైతము ఈ ఒక్క గడపకడ ఆగిపోయినవారు కలరు.

కాలక్రమమున ఆ నిబంధనకు ఆధారమైన లోకమే కరగిపోయినది. ఉపగ్రహములచే నడచు ఆపద్రక్షణవ్యవస్థ వచ్చుటతో ఓడలు మోర్స్‌ను ఒక్కొక్కటిగా వదలినవి. ఫ్రాన్సు తీరకేంద్రములు 1997 జనవరి 31న కడపటి సందేశము పంపి విరమించినవి. 1999 ఫిబ్రవరి 1 నుండి క్రొత్త వ్యవస్థ ఓడలకు పూర్తిగా అమలులోనికి వచ్చినది. అమెరికాలో వాణిజ్యసంబంధమైన మోర్స్ సేవ 1999 జూలై 12న ముగిసినది. ఆ తేదీన ఏటేట కాలిఫోర్నియాలోని పాత తీరకేంద్రమును అభిమానులు మరల పలికింతురు. ఓడలే వాడని లిపిని ఓడలకొఱకై హాములు నేర్వవలెననుట నిలువదగిన వాదము కాదు. 2003లో జెనీవాయందు జరిగిన ప్రపంచ రేడియో సమావేశము ఆ విధిని తొలగించి, నిర్ణయమును ఏ దేశమునకు ఆ దేశమునకే విడిచినది. బ్రిటన్, జర్మనీ, స్విట్జర్లాండు ఆ సంవత్సరమే పరీక్షను రద్దుచేసినవి. అమెరికా 2000లో పరీక్షను 5 పదముల వేగమునకు దించి, 2007 ఫిబ్రవరి 23న బొత్తిగా ఎత్తివేసినది.

పెద్దవారైన హాములు అనేకులు అప్పుడు మిక్కిలి ఖేదపడిరి. తాము ఏండ్లతరబడి శ్రమించి దాటిన గడపను, వెనుకవచ్చువారు శ్రమలేకుండ దాటుట వారికి అన్యాయముగా తోచెను. అంతకుమించి, ఇక ఈ విద్య తమతోనే పోవునని నిజముగా భయపడిరి. ఆ భయము గౌరవింపదగినదే. కాని నిబంధనను తొలగించుట ధర్మమేయని నా యభిప్రాయము. ఏ విద్యనైనను కావలిగా నిలిపి, అందుచే ఇతర విద్యలకు పోవువారి నాపుట ఆ విద్యకే అపకారము. అది ద్వేషమును పుట్టించును. పరీక్షకొఱకు నేర్చి, లైసెన్సు చేతబడిన మఱునాడే సంకేతములు కొట్టు కీని అటకపై పెట్టినవారి సంఖ్య ఆ కాలమున అల్పము కాదు.

ఈ లోపల మఱియొక ప్రత్యర్థి వచ్చినది. అది పరీక్షరద్దుకంటె బలీయము. జంటపల్సార్‌ను కనుగొని 1993లో నోబెల్ బహుమానమందిన భౌతికశాస్త్రజ్ఞుడు జోసెఫ్ టేలర్ స్వయముగా హాము. ఆయన స్టీవ్ ఫ్రాంకె అను సహచరునితో కలిసి 2017లో ఎఫ్.టి.8 అను విధానమును ప్రకటించెను. గడియారములు సరిచూచుకొనిన రెండు కంప్యూటర్లు, 15 సెకనుల వంతులలో, మానవకర్ణమునకు సుతరాము వినరాని క్షీణసంకేతములను సైతము పట్టి, పిలుపుపేర్లను, అనగా హాములను గుర్తించు లైసెన్సు అక్షరములను, ఇచ్చిపుచ్చుకొనును. స్వల్పశక్తితో దూరము పోవుటయందు మోర్స్‌ను మించునది లేదని హాములు శతాబ్దమునకు దగ్గఱగా చెప్పుకొనిన మాట అంతటితో చెల్లకపోయినది. ఇది దాచవలసిన సంగతి కాదు. కొలతలనుబట్టి మోర్స్ ఓడినది.

మఱి ఎందుకు నిలిచినది? మాటతో పోల్చిన దాని మేలు తగ్గలేదనునది మొదటి సమాధానము. హాములు వాడు మాటప్రసారమునకు సుమారు 2,400 హెర్ట్‌జుల వెడల్పుగల త్రోవ కావలయును. మోర్స్‌కు 200 హెర్ట్‌జులు చాలును. త్రోవ యెంత ఇఱుకైన రిసీవరులోనికి చొచ్చు రొద అంత తగ్గును కనుక, పండ్రెండవవంతు త్రోవలో నడచు మోర్స్‌కు పండ్రెండవవంతు రొదయే యెదురగును. 5 వాట్ల శక్తితో, అనగా ఇంటిలోని చిన్న ఎల్.ఇ.డి. దీపమునకు పట్టు విద్యుత్తుతో, రెండు చెట్లనడుమ కట్టిన తీగనుండి సముద్రములు దాటి మాటలాడుట హాములకు నిత్యానుభవము. దానికి కావలసిన ట్రాన్స్‌మిటరును కొలది ట్రాన్సిస్టర్లతో విద్యార్థి తన చేతులతో అతుకుకొనవచ్చును. 2002లో బ్రిటన్‌లో ప్రారంభమై, కొండశిఖరములనుండి మాటలాడుటయే క్రీడగా గల ఉద్యమమున మోర్స్ విరివిగా వినబడుటకు కారణమిదే. సంచిలో పట్టు యంత్రము, చేతిలో ఇముడు కీ ఉన్న చాలును.

రెండవ సమాధానము యంత్రమునకు సంబంధించినది కాదు. ఎఫ్.టి.8లో సంభాషించునవి కంప్యూటర్లు, మానవుడు సాక్షి. మోర్స్‌లో రిసీవరునకు కడపటి భాగము వినువాని మెదడు. రొదలోనుండి స్వరమును వేరుపఱచుట, మాసిన అక్షరమును సందర్భమునుబట్టి పూరించుట, రెండు మూడు సంకేతములు ఒక్కసారి వచ్చినపుడు తనకు కావలసినదానిపైననే చెవి నిలుపుట, ఇవన్నియు అతడే చేయవలెను. పంపువాని చేయియు దాగదు. గీతను రవంత సాగదీయుట, ఒక్కొక అక్షరమునకు ముందు తటపటాయించుట మున్నగు లక్షణములనుబట్టి, పిలుపుపేరు చెప్పకమునుపే పాతమిత్రుని అనుభవజ్ఞులు గుర్తింతురు. ఇంగ్లండులో 1987లో ఏర్పడిన ఫిస్ట్స్ (పిడికిళ్లు) అను మోర్స్ సంఘము ఈ హస్తలక్షణమునే పేరుగా ధరించినది. ఎలెక్ట్రానిక్ కీయర్లు చుక్కలను గీతలను తామే సరిదిద్దుచున్న కాలమున, కేవలము ఎలెక్ట్రానిక్ సహాయము లేని పాతకాలపు కీలతోనే పంపవలెనను నియమముగల సంఘమొకటి 2006లో అమెరికాలో పుట్టినది. గమనింపుడు: ఇది పరీక్ష రద్దగుచున్న కాలమే. 2010లో పుట్టిన సి.డబ్ల్యు.ఆప్స్ అను సంఘము ఏ రుసుమును గైకొనక, కొన్ని వారములపాటు ఇంటర్నెట్టుద్వారా క్రొత్తవారికి ఈ విద్య నేర్పుచున్నది. బలవంతముగా నేర్వవలసినవారు పోయి, నేర్వగోరినవారు వచ్చిరి. జర్మనీ 2014లో మోర్స్ విద్యను తన అమూర్త సాంస్కృతిక సంపద జాబితాలో చేర్చినది.

భాషాభేదమును దాటించుటయందు కూడ ఈ లిపికొక సౌలభ్యము కలదు. క్యూ అక్షరముతో మొదలగు మూడక్షరముల సంకేతములు పూర్వము తీగలేని తంతివారు ఏర్పఱచుకొనినవి; క్యూ.టి.హెచ్. అనిన ఉన్న ఊరు, క్యూ.ఎస్.బి. అనిన సంకేతము హెచ్చుతగ్గు లగుట, క్యూ.ఎస్.ఎల్. అనిన అందినదని ఒప్పుకోలు. 73 అని పంపిన అది శుభాకాంక్ష. ఆంగ్లము రాని జపాను వృద్ధుడును, జపాను భాష రాని తెలుగువాడును వీనితో పేరు, ఊరు, యంత్రము, వాతావరణము చెప్పుకొని తృప్తిగా సెలవు తీసికొందురు. ఉచ్చారణ లేని సంభాషణ కనుక యాస అడ్డురాదు.

తెలుగునాట హామ్ రేడియోకు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ చిరకాలముగా ఆలవాలము. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము అండమాను ద్వీపములకు పోయి దూరదేశపు హాములతో మాటలాడుచుండగనే 26వ తేదీ సునామీ సంభవించెను. ఆ ఉదయమునుండి వారి కేంద్రము వేడుక మాని, తెగిపోయిన ద్వీపములకు వార్తావాహిని యయ్యెను. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగిరిన హామ్‌శాట్ అను చిన్న ఉపగ్రహము హాముల మాటను మోర్స్‌ను కూడ ఆకాశమునుండి మరల్చి పంపినది. విద్యార్థులు నిర్మించు బుల్లి ఉపగ్రహములు పెక్కు నేటికిని తమ బ్యాటరీ స్థితి, ఉష్ణోగ్రత మోర్స్‌లోనే పంపుచుండుట వలన, ఖరీదైన పరికరములు లేనివారును వానిని వినగలరు.

మన దేశము పరీక్షను బొత్తిగా తీసివేయలేదు. జెనీవా సమావేశము పిమ్మట సవరించిన నిబంధనలలో మోర్స్ లేని పరిమిత గ్రేడు ఒకటి యుండగా, సాధారణ గ్రేడునకు నిమిషమునకు 8 పదముల వేగము నిర్ణయించిరి. ఆ 8 పదముల గడపను కూడ ఎత్తివేసినచో మన హాముల సంఖ్య పెరుగుననియు, మోర్స్‌కు నష్టము కలుగదనియు ఇతరదేశముల అనుభవమునుబట్టి నేను తలంచుచున్నాను.

నేర్వగోరువారు మొదట పట్టికను కంఠస్థము చేయకుందురుగాక. చుక్కలు గీతలు కంటికి పరిచితమైన పిమ్మట చెవికి నేర్పుట రెట్టింపు కష్టము. 1930లలో లుడ్విగ్ కోఖ్ అను జర్మన్ మనస్తత్త్వవేత్త ప్రతిపాదించిన పద్ధతి నేటికిని శ్రేష్ఠము: రెండే అక్షరములను తీసికొని, మొదటినుండి పూర్ణవేగముతోనే వినుచు, నూటికి తొంబది సరిగా పట్టుబడిన పిమ్మట మూడవ అక్షరమును చేర్చుకొనుచు పోవలెను. దినమునకు పావుగంట చాలును. గంటలతరబడి కూర్చున్న చెవి అలసి మొద్దుబారును. 1939లో థియొడోర్ మెకెల్‌రాయ్ అను అమెరికను నిమిషమునకు 75.2 పదములు వినివ్రాసి రికార్డు నెలకొల్పెను; అంత వేగము ఎవ్వరికిని అక్కరలేదు, 15 పదములకు వచ్చిన నిత్యసంభాషణ సాగును.

వినుటకు యంత్రము కొనవలసిన పని లేదు. నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయమునందలి రిసీవరును ఇంటర్నెట్టుద్వారా ఎవరైనను త్రిప్పుకొని వినవచ్చును. 7 మెగాహెర్ట్‌జులకు ఎగువ తొలి భాగమున మోర్స్ వినబడును. తొలిసారి వినువారికి సంవత్సరమంతటిలో అనుకూలమైనది నవంబరు నెలలోని కడపటి పూర్తి వారాంతము. ఆనాడు 48 గంటలపాటు కేవలము మోర్స్‌లోనే జరుగు ప్రపంచవ్యాప్తమైన హాముల పోటీ, మన కాలమానము ప్రకారము శనివారము ఉదయము 5.30 గంటలకు ప్రారంభమై సోమవారము ఉదయము 5.30 గంటలకు ముగియును.